అమ్మాయిని ఇంటి దగ్గర చదివిస్తున్నాం: రికార్డ్ షీటు నుంచి సర్వే దాకా నా అనుభవం

ముందే ఒక మాట చెప్పేస్తాను. పిల్లల్ని ఇంటి దగ్గర చదివించుకుంటామంటే పర్మిషన్ ఇచ్చే ఆఫీసు మన దగ్గర లేదు. దానికో ఫారమూ లేదు, ఫీజూ లేదు. పిల్ల బడికి ఎందుకు రావట్లేదని అడిగేవాళ్లు మాత్రం వరసగా వస్తారు. వాళ్లకి చూపించే కాగితాలు ముందే సిద్ధం చేసి పెట్టుకోవడమే ఇందులో అసలు పని. 2025 ఏప్రిల్ నుంచి ఈ సంక్రాంతి దాకా మాకు అదే సరిపోయింది. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కోనసీమలో ఓ లంక ఊరు. మావారిది కొబ్బరి వ్యాపారం. నేను పెళ్లికి ముందు బీఎస్సీ చదివి, రెండేళ్లు ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. అమ్మాయి 2013 నవంబరులో పుట్టింది. ఏప్రిల్ 23న, వేసవి సెలవులకి ముందు రోజు, ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు పట్టుకొచ్చింది. మార్కులకేం, బాగానే వచ్చాయి.

ఉదయం ఆరున్నరకి వ్యాను ఎక్కితే మళ్లీ ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. ఆరో తరగతికే ఫౌండేషన్ క్లాసులని సాయంత్రం రెండు గంటలు అదనం. ప్రతి సోమవారం పరీక్ష, మంగళవారానికల్లా పేర్లతో సహా ర్యాంకులు వాట్సాప్ గ్రూపులో. ఫిబ్రవరి నుంచి ఆదివారం సాయంత్రం అయ్యేసరికి పిల్లకి కడుపునొప్పి. అమలాపురం తీసుకెళ్తే డాక్టరు గారు స్కానింగ్ తీయించారు. 1,200 రూపాయలైంది, అందులో ఏమీ లేదు. "టెన్షనమ్మా, ఇంకేం లేదు" అన్నారు. మార్చిలో ఓ సోమవారం బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని అరుగు మీద కూర్చుంది. కాలవ అవతల వ్యాను హారన్ వినపడిందో లేదో, తిన్న ఇడ్లీ అంతా కక్కేసింది. నేను బట్టలు మారుస్తుంటే "మమ్మీ, ఇవాళ వెళ్లకపోతే లాస్టు ర్యాంకు వేస్తారా?" అని అడిగింది. పక్కనే ఉన్న మావారు ఆ మాట విన్నారు. అప్పటిదాకా నేనేదో ఎక్కువ చేస్తున్నానని అనేవారు, ఆ తర్వాత మళ్లీ అనలేదు.

"ఊళ్లో జడ్పీ హైస్కూలు ఉంది కదే, అందులో వేసేయండి" అన్నారు మావయ్యగారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడి టీచర్లు మంచివాళ్లు, మావారు చదివింది కూడా అక్కడే. కానీ అమ్మాయిని అడిగితే కొన్నాళ్లు ఏ స్కూలూ వద్దంది. ఒక్క ఏడాది చూద్దామని మేమిద్దరం అనుకున్నాం. అత్తయ్యగారి బాధ ఇంకోటి. జూన్ 12న బడులు తెరిచిన రోజున, బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు నా ఖాతాలో పడ్డాయి, 15,000లో నిర్వహణకని 2,000 మినహాయించి 13,000. అది అంతకుముందు ఏడాది హాజరుకి వచ్చింది. ఇక ముందు 75 శాతం హాజరు ఎక్కడి నుంచి వస్తుంది? "వచ్చే లక్ష్మిని కాలితో తన్నుకుంటున్నారు" అని ఆవిడ ఆ నెలంతా అంటూనే ఉన్నారు. ఇంట్లో చదివించాలనుకునేవాళ్లు ఈ డబ్బు లెక్క ముందే వేసుకోండి.

చట్టం సంగతి మాకు చెప్పింది మా ఆడపడుచు భర్త. అమలాపురం కోర్టులో ప్రాక్టీసు చేస్తారు. మే నెలాఖర్లో మామిడిపళ్ల బుట్టతో వాళ్లింటికి వెళ్లి రెండు గంటలు కూర్చున్నాం. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి వర్తిస్తుంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని సెక్షన్ 10లో ఉంది. అయితే చేర్పించకపోతే తల్లిదండ్రులకి ఇంత జరిమానా, ఇంత శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో చదువు గురించి అవుననీ లేదు, కాదనీ లేదు. ఢిల్లీ హైకోర్టులో దీని మీదే ఓ కేసు నడిచినప్పుడు, ఇష్టపడి ఇంట్లో చదివించుకునేవాళ్లకి ఈ చట్టం అడ్డు రాదని 2012లో కేంద్రం అఫిడవిట్ వేసి, తర్వాత దాన్ని వెనక్కి తీసుకుందట.

"అంటే ఇప్పుడు మేం చేసేది తప్పా, ఒప్పా అన్నయ్యగారూ?" అన్నాను.

"తప్పని ఎవరూ కేసు పెట్టలేరు, ఒప్పని ఎవరూ రాసివ్వరు. నువ్వెళ్లి పర్మిషన్ అడిగావనుకో, ఇచ్చే అధికారం లేదు కాబట్టి మండల విద్యాధికారి, అదే ఎంఈఓ గారు, కుదరదనే రాస్తారు. ఆ కాగితం నీ మెడకి చుట్టుకుంటుంది. అడక్కమ్మా, తెలియజెయ్యి. తెలియజేసినట్టు సాక్ష్యం ఉంచుకో" అన్నారు.

ఆయన గట్టిగా హెచ్చరించింది ఇంకోటుంది. బడి వేళల్లో ఊళ్లో పిల్లల్ని పోగేసి మీ అమ్మాయితో పాటు కూర్చోబెట్టొద్దన్నారు. గుర్తింపు లేకుండా బడి నడిపితే అదే చట్టంలో లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకి పదివేలు. నాకు అప్పుడు నవ్వొచ్చింది. తీరా జూలైలో మా వీధిలోనే ముగ్గురు తల్లులు "అక్కా, మావాణ్ణి కూడా కూర్చోబెట్టుకోండి, నెలకి ఎంతో కొంత ఇచ్చుకుంటాం" అని వచ్చారు. సాయంత్రం ట్యూషన్ అయితే చెప్తానని, పగలు కుదరదని పంపేశాను. ఒకావిడకి కోపం కూడా వచ్చింది.

ఆ రోజు నాకు నిద్ర పట్టించింది సెక్షన్ 4. మానేసిన పిల్లలు మళ్లీ చేరతామంటే వయసుకి తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. ఏడాది తర్వాత మా ప్రయోగం బెడిసికొట్టినా జడ్పీ హైస్కూలు ఎనిమిదో తరగతి తలుపు తెరిచే ఉంటుంది. మావయ్యగారు కూడా ఆ మాట విన్నాకే శాంతించారు.

ఇక రికార్డ్ షీటు. హైస్కూలుకి టీసీ ఎలాగో, చిన్న తరగతులకి రికార్డ్ షీటు అలాగ. జూన్ మొదటి వారంలో స్కూలుకి వెళ్లి దరఖాస్తు ఇచ్చాం. మొదట బ్యాలెన్స్ ఫీజు కట్టమన్నారు. 6,500 ఉంది, అది న్యాయంగా మేం కట్టాల్సిందే, కట్టేశాం. ఏడో తరగతికని మార్చిలో తీసుకున్న 5,000 అడ్వాన్సు మాత్రం తిరిగి ఇచ్చేది లేదన్నారు. రసీదు మీద చిన్న అక్షరాల్లో ఉందట. ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. "ఏ స్కూల్లో చేరుస్తున్నారో చెప్పండి మేడమ్, ఆన్‌లైన్లో అక్కడికి పంపాలి" అంది కౌంటర్లో అమ్మాయి. ఏ స్కూల్లోనూ చేర్చట్లేదు అన్నాను. ఆ పిల్ల కంప్యూటర్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి లోపలికి వెళ్లింది. ప్రిన్సిపాల్ రూములో కూర్చోబెట్టి అరగంట సేపు మా మనసు మార్చడానికి చూశారు. ఫీజులో పది శాతం తగ్గిస్తామన్నారు. ఆదివారం కౌన్సెలింగ్ పెట్టిస్తామన్నారు. సోమవారం పరీక్షలు తీసేస్తామని మాత్రం ఎవరూ అనలేదు.

వేరే బడికి మారేవాళ్లకి టీసీ వెంటనే ఇవ్వాలని చట్టంలోనే ఉంది. మేం ఏ బడికీ మారట్లేదు కాబట్టి మమ్మల్ని ఎందులో వెయ్యాలో వాళ్లకి తెలియలేదు. రేపు రండి, ఎల్లుండి రండి అంటూ రెండు వారాల పైనే తిప్పారు. చివరికి అన్నయ్యగారు చెప్పినట్టు, దరఖాస్తు కాపీ మీద తీసుకున్న తేదీ వేసి సంతకం పెట్టమని అడిగాను. ఆ మర్నాడే రికార్డ్ షీటు తయారైంది.

అది చేతికొచ్చాక అక్కడే నిలబడి చూసుకోండి. మా దాంట్లో పుట్టిన తేదీ సరిగ్గానే ఉంది, ఇంటి పేరులో ఒక అక్షరం ఆధార్‌తో కలవలేదు. అక్కడికక్కడే మళ్లీ రాయించాం. పెన్ నంబరు, అంటే యూడైస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో పిల్లకి ఉండే శాశ్వత నంబరు, అది కూడా రాయించుకోండి. వెళ్లిపోయిన పిల్లల పేర్లని స్కూలువాళ్లు ఆన్‌లైన్లో డ్రాప్ బాక్స్‌లో పెడతారు. రేపు ఏ బడిలో చేరినా ఆ నంబరుతో అందులోంచే తీసుకుంటారు. పాత స్కూలు వాళ్లు వదలకుండా తమ దగ్గరే ఉంచేసుకుంటే కొత్త బడిలో పేరు ఎక్కదు. మా వాళ్ల చేత మా కళ్లెదుటే చేయించాం.

ఆ డ్రాప్ బాక్స్‌లో పడ్డ పేర్లే ఊరి సచివాలయానికీ, మండల ఆఫీసుకీ బడి బయటి పిల్లలు అన్న లెక్కలో వెళ్తాయి. అందుకే వాళ్లు వచ్చేలోపే ఉత్తరం పెట్టేయాలి. జూన్ చివరి వారంలో ఎంఈఓ గారికి ఒకటిన్నర పేజీ ఉత్తరం తెలుగులోనే రాశాను. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఏ తరగతి దాకా చదివింది, రికార్డ్ షీటు నంబరు, ఆరోగ్య కారణాల వల్ల ఇంటి దగ్గర చదివిస్తున్నామన్న సంగతి, ఎవరు చెప్తారు, ఏ పుస్తకాలు, రోజుకి ఎన్ని గంటలు, పద్నాలుగేళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయిస్తామన్నది, అధికారులు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చన్నది. డాక్టరు చీటీ, స్కానింగ్ రిపోర్టు, రికార్డ్ షీటు, జనన ధ్రువపత్రం, నా డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్సులు జత చేశాను.

ఆఫీసులో ఇస్తే తీసుకోలేదు. "దీన్ని ఏ ఫైల్లో పెట్టాలమ్మా?" అన్నారు అక్కడి గుమాస్తా గారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఇంకో కాపీ మీద ముద్ర వేయడానికి భయపడ్డారు. సరే అని పోస్టాఫీసుకి వెళ్లి అక్నాలెడ్జిమెంటుతో రిజిస్టర్డ్ పోస్టు చేశాను. వారంలోపే పసుపు రంగు కార్డు ముద్రతో ఇంటికి తిరిగొచ్చింది. నాలుగు నెలల హైరానాలో నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నది ఆ కార్డు చూశాకే. దాన్ని ఉత్తరం కాపీకి పిన్ను చేసి ఫైల్లో మొదటి కాగితంగా పెట్టాను. సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇప్పుడు పంపేవాళ్లు స్పీడ్ పోస్టులోనే పంపి, అందినట్టు రుజువు అడిగి తీసుకోండి.

జూలై మూడో వారంలో మధ్యాహ్నం పూట సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్, సీఆర్‌ఎంటీ (చుట్టుపక్కల బడుల పని చూసే క్లస్టర్ టీచరు) గారు, మహిళా పోలీసు ముగ్గురూ కలిసి వచ్చారు. మొదటి ఇద్దరూ వస్తారని తెలుసు. మహిళా పోలీసు ఎందుకా అనుకున్నాను. మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాక ఆవిడే తిన్నగా అడిగింది: "ఏవనుకోకండి మేడమ్, పాపకి సంబంధం ఏవైనా చూస్తున్నారా?"

ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లు నిండని పిల్ల! కానీ కోపం మింగి ఆలోచిస్తే ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదు. మా చుట్టుపక్కల ఆడపిల్లని బడి మానిపించారంటే మొదట వచ్చే అనుమానం అదే, చాలాసార్లు నిజం కూడా అదే. ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, ఫలానా ఇంట్లో పిల్లని మానిపించేశారు, పెళ్లి చేసేస్తారేమో అని చెప్పారట. ఎవరు చేశారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఆ రాత్రి మాత్రం మా వీధిలో ప్రతి ముఖాన్నీ తలుచుకుంటూ తెల్లవార్లూ మేలుకుని ఉన్నాను.

అమ్మాయిని విడిగా మాట్లాడనివ్వమని అడిగితే ఒప్పుకున్నాం. పెరట్లో కొబ్బరి చెట్ల కింద మహిళా పోలీసు, అమ్మాయి ఓ పావుగంట మాట్లాడుకున్నారు. ఏం అడిగారే అంటే "బడి ఎందుకు మానేశావు, ఇంట్లో పనులు చేయిస్తారా, పొద్దున్నే ఏం చదివావు అని అడిగింది. నేను భిన్నాలు చూపించాను" అంది. తిరిగొచ్చాక ఆవిడ ధోరణే మారిపోయింది.

వెల్ఫేర్ అసిస్టెంట్ కుర్రాడి ఇబ్బంది వేరు. అతని ఫోన్లో కారణం నొక్కాలి. ఉన్న ఆప్షన్లలో ఇంటి దగ్గర చదువు అన్నది లేదు. "ఏం పెట్టమంటారండీ? డ్రాపౌట్ అని పెడితే నెల నెలా మమ్మల్నే అడుగుతారు" అన్నాడు. ఫైలు తీసి ఉత్తరం, కార్డు, రికార్డ్ షీటు చూపించాను. ఫోటోలు తీసుకున్నాడు. సీఆర్‌ఎంటీ గారు ఓ ఉపాయం చెప్పారు: "జడ్పీ స్కూల్లో పేరు రాయించేయండమ్మా, అప్పుడప్పుడూ వచ్చి పరీక్షలు రాస్తే చాలు, మీకూ మాకూ గొడవుండదు." ఆశ పుట్టకపోలేదు. తల్లికి వందనం కూడా వస్తుంది! కానీ పిల్ల రాని రోజుల్లో వచ్చినట్టు ఎవరో ఒక టీచరు హాజరు వెయ్యాలి. ఆ టీచరు ఉద్యోగం మీదకి తేవడం మాకు ఇష్టం లేక వద్దన్నాం. చివరికి నా చేత ఒక స్టేట్‌మెంటు రాయించుకున్నారు: బాల్య వివాహం, పని చేయించడం లాంటివి లేవని, ఇంట్లో చదివిస్తున్నామని, ఇద్దరం సంతకాలు పెట్టాం. దానికీ ఒక ఫోటో తీసి ఉంచుకున్నాను. ఫోన్లో మాత్రం డ్రాపౌట్ అనే నొక్కాడు, పాపం వేరే దారి లేక. దసరా ముందు మళ్లీ ఒకసారి, సంక్రాంతి వెళ్లాక ఒకసారి వచ్చి చూసి వెళ్లారు. ఇప్పుడు టీ తాగి, నోటుబుక్కు ఒకటి తిరగేసి, పది నిమిషాల్లో లేస్తున్నారు.

చదువు సంగతికొస్తే, మొదటి నెల్లాళ్లూ నేనేమీ చెప్పలేదు. పిల్ల నిద్రపోయింది. పొద్దున్న ఎనిమిది దాకా పడుకోవడం, సైకిలు మీద కాలవ గట్టంట తిరగడం, తమ్ముడితో ఆడటం. మా అమ్మ ఫోన్ చేసి "ఏం చదివిస్తున్నారే?" అంటే మాట దాటేసేదాన్ని. కడుపునొప్పి జూన్ సగానికి పూర్తిగా పోయింది. జూలై నుంచి పొద్దున్న రెండున్నర గంటలు నేను, సాయంత్రం ఓ గంట వాళ్ల నాన్న. ఏడో తరగతి సర్కారు పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. అమ్మాయి ఇంగ్లీషు మీడియంలో చదివినా సైన్సు తెలుగు పేజీ చదివాకే అర్థమైందనడం నేను ఊహించలేదు. పుస్తకాలు మా వీధిలో ఎనిమిదికి వెళ్లిన కుర్రాడి దగ్గర తీసుకున్నాం, లేనివి పీడీఎఫ్ దించి ప్రింటు తీయించాం.

లెక్కలు నిజంగా వంటబట్టింది మాత్రం పుస్తకం బయటే. కొబ్బరికాయ ధర వెయ్యి కాయలకింత అని చెప్తారు కదా, అంబాజీపేట రేటు పొద్దున్నే వాళ్ల నాన్న ఫోన్లో వస్తుంది. దింపు కూలి, వలుపు కూలి, రవాణా పోను కాయకి ఎంత మిగిలిందో రోజూ సాయంత్రం తనే లెక్క కట్టాలి. ఈ ఏడాది ధర బాగా పలికింది కాబట్టి పెద్ద అంకెలు. దశాంశాలంటే ఏడ్చే పిల్ల పైసలతో సహా చెప్తోంది. ఆగస్టులో గోదావరికి వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం టీవీలో చూసి గంట గంటకీ గ్రాఫు గీసింది. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. ఆ మూడు గీతలూ ఎర్ర స్కెచ్‌తో ముందే గీసి పెట్టుకుని, చుక్కలు ఏ గీత వైపు పోతున్నాయో చూస్తూ కూర్చునేది. పది లక్షల క్యూసెక్కులంటే సెకనుకి ఎన్ని లీటర్లో కట్టమన్నాను. రెండు కోట్ల ఎనభై లక్షల పైన వచ్చేసరికి తప్పు చేశాననుకుని మళ్లీ కట్టింది. మా లంకల్లో వరదంటే భయమే గానీ ఆ వారం మా ఇంట్లో మాత్రం దాని కోసం ఎదురుచూసిన మనిషి ఒకరుంది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు మాత్రం గ్రాఫులేమీ గీయలేదు, అందరం మంచం మీద ఒకచోట ముడుచుకుని కూర్చున్నాం. కాగితాల ఫైలు పాలిథిన్ కవర్లో చుట్టి బీరువా పై అరలో పెట్టాను. కరెంటు వచ్చేదాకా చదువూ లేదు.

హిందీ నాకు రాదు. పక్క ఊరి నుంచి రిటైరైన పండిట్ గారు వారానికి రెండు రోజులు వస్తారు, నెలకి 1,000. స్నేహితుల లోటు ఇంకా తీరలేదు. పాత స్కూలు పిల్లలు ఆదివారం కూడా ఖాళీగా ఉండరు. సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లలతో ఆడుతుంది గానీ, ఒక్కోసారి గుమ్మంలో నిలబడి యూనిఫాం పిల్లల్ని చూస్తుంటే నాకే లోపల కలుక్కుమంటుంది. మళ్లీ వెళ్తావా అని అడుగుతుంటాను. ఇప్పటికైతే వద్దంటోంది.

ఖర్చు చెప్పాలంటే, ఆ స్కూల్లో ఫీజు 42,000, వ్యాను 14,000, పుస్తకాలు, యూనిఫాం వేరు. ఇప్పుడు హిందీ, ప్రింట్లు, సైన్సు సామాను, ఒక గ్లోబు, కథల పుస్తకాలు అన్నీ కలిపి ఈ జనవరి దాకా 15,000 లోపే. పోయినవి, ఈ ఏడాది హాజరుకి రావాల్సిన 13,000 తల్లికి వందనం, 5,000 అడ్వాన్సు. కాకపోతే నా పొద్దుటి పూట మొత్తం పోయింది. మిషను కుట్టి నెలకి మూడు నాలుగు వేలు సంపాదించేదాన్ని, అది ఆగిపోయింది. ఇంట్లో చదువు చవకని ఎవరైనా అంటే ఆ తల్లి పనికి లెక్క కట్టలేదని అర్థం.

డబ్బు కాకుండా పోయేవీ ఉన్నాయి. తొమ్మిదో తరగతికి నవోదయ పరీక్ష రాయాలంటే ఎనిమిది ఆ జిల్లాలోనే గుర్తింపు ఉన్న బడిలో చదువుతూ ఉండాలి, కాబట్టి మా అమ్మాయికి ఆ దారి మూసుకున్నట్టే. మండల స్థాయి స్కూలు ఆటల పోటీలకి బడి ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి, మాకు ఇచ్చేవాళ్లు లేరు. అమ్మాయికి ఖోఖో బాగా వచ్చు. దీనికి మాత్రం తను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పదో తరగతికి రెండు దారులున్నాయి: కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ. రెండింటికీ పద్నాలుగేళ్లు నిండాలి. కింది తరగతుల సర్టిఫికెట్లు లేకపోయినా, చదవగలనని స్వయంగా రాసిచ్చే డిక్లరేషన్‌తో చేర్చుకుంటారు, పుట్టిన తేదీకి రుజువు మాత్రం తప్పనిసరి. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పకుండా ఉండాలి. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఒక్కో సబ్జెక్టు విడివిడిగా కూడా రాసుకోవచ్చు. తెలుగు మీడియం కూడా ఉంది. మధ్యలో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానమైన ఓబీఈ అని ఏ, బీ, సీ లెవెళ్లు ఉన్నాయి గానీ, వాటిని గుర్తింపు పొందిన సంస్థల ద్వారా రాయాలి. మాకు అందుబాటులో అలాంటిది దొరకలేదు, దాని వెంట పడలేదు కూడా. అమ్మాయికి 2027 నవంబరుకి పద్నాలుగు నిండుతాయి. 2028లో చేరితే తన పాత క్లాసు పిల్లలు పది రాసే 2029లోనే తనూ రాస్తుంది.

చాలామంది భయపెట్టేది లోకల్, నాన్‌లోకల్ గురించి. స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే రేపు ఇంజనీరింగు కౌన్సెలింగులో నాన్‌లోకల్ అయిపోతుందని మా చినమావయ్యగారు పెళ్లి పందిట్లో పదిమందిలో అన్నారు. అన్నయ్యగారు రాష్ట్రపతి ఉత్తర్వులు తీసి చూపించారు. బడిలో చదవని కాలానికి, పరీక్షకి ముందు నాలుగేళ్లు ఆ ప్రాంతంలో నివాసం ఉంటే లోకల్‌గానే లెక్క, దానికి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి. అందుకే రేషన్ కార్డు, ఆధార్ అడ్రసు, కరెంటు బిల్లులు ఏవీ మార్చకుండా ఏటా ఒక జిరాక్సు తీసి ఫైల్లో పెడుతున్నాను.

ఇప్పుడు ఫైలు ఇలా ఉంది: ఉత్తరం, అక్నాలెడ్జిమెంటు కార్డు, రికార్డ్ షీటు, జూలై స్టేట్‌మెంటు ఫోటో ప్రింటు, డాక్టరు చీటీ, తర్వాత నెలకొక పేజీ చొప్పున ఏం చదివిందో నేను రాసిన డైరీ. ఆ డైరీ కింద నెలాఖర్న అమ్మాయి చేత కూడా సంతకం పెట్టిస్తున్నాను. జూన్‌లో బడులు తెరిచాక మళ్లీ సర్వే ఉంటుందని వెల్ఫేర్ అసిస్టెంట్ చెప్పాడు. మే నెలాఖరుకల్లా రెండో ఏడాది ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాలి.